కొండ మీద పడ్డది కుళాయిలోకి

ఈ పూట ఒక రాయి గురించి మాట్లాడుకుందాం. అది మన నేల మీది రాయి కాదు. ఐరోపాలో, ఆల్ప్స్ పర్వతాల్లో ఉంది. దాని పేరు వెటర్‌స్టైన్ సున్నపురాయి. వయసు దాదాపు 24 కోట్ల ఏళ్లు. పుట్టింది సముద్రంలో, ఇప్పుడున్నది కొండ శిఖరాల మీద. ఆస్ట్రియా రాజధాని వియన్నా తాగే నీళ్లలో ఎక్కువ భాగం ఆ కొండల కడుపులోంచే వస్తుంది. 150 ఏళ్లుగా వస్తోంది.

ఇన్నేళ్లుగా ఆ నగరం ఒక సంగతి గుర్తుపెట్టుకుని నడుచుకుంటోంది. సున్నపురాయి నీటిని దాస్తుంది గానీ వడకట్టదు. మళ్లీ చెబుతాను. దాస్తుంది, వడకట్టదు. ఈ ఒక్క మాట మన నంద్యాల, కర్నూలు, కడప, పల్నాడు వాళ్లకూ, అటు తాండూరు వాళ్లకూ చాలా అవసరం. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు రాయి కథ వినండి.

భూమి చరిత్రలో ట్రయాసిక్ అని ఒక యుగం ఉంది. సుమారు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల కిందట మొదలై, 20 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. అది మొదలవడానికి సరిగ్గా ముందు ఒక పెద్ద విలయం జరిగింది. సముద్రాల్లోని ప్రాణుల్లో చాలా భాగం నశించిపోయాయి. పాత పగడపు దిబ్బలన్నీ పోయాయి. ఆ దెబ్బ నుంచి సముద్రం తేరుకోవడానికి లక్షల ఏళ్లు పట్టింది. అలా తేరుకున్నాక మళ్లీ లేచిన పెద్ద దిబ్బల్లో ఒకటి ఈ వెటర్‌స్టైన్ సున్నపురాయి.

అప్పుడు ఖండాలన్నీ ఒకచోట కలిసి ఉండేవి. వాటి తూర్పు వైపు నుంచి లోపలికి చొచ్చుకుని ఒక సముద్రం ఉండేది. దాని పేరు టెథిస్. దాని పడమటి అంచున లోతులేని వెచ్చటి నీళ్లు. ఎండ అడుగుదాకా దిగేది. అక్కడ సున్నం ఒంటికి పట్టించుకునే ఆకుపచ్చ నాచు మొక్కలు పెరిగాయి. స్పంజికలు, పగడాలు, గుల్లజీవులు బతికాయి. అవి చచ్చిపోయాక వాటి సున్నం అడుగున పేరుకుంది. పేరుకున్నదంతా గట్టిపడి రాయయింది.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. ఆ రాతి మందం కొన్ని చోట్ల కిలోమీటరు దాటుతుంది. నీటి లోతు చూస్తే కొన్ని మీటర్లే. కొద్ది మీటర్ల లోతున్న నీళ్లలో కిలోమీటరు మందం రాయి ఎలా పడుతుంది?

జవాబు ఇదీ. సముద్రపు అడుగు నెమ్మదిగా కుంగుతూ వచ్చింది. అది కుంగిన కొద్దీ పైన జీవాలు కొత్త సున్నం పేరుస్తూ వచ్చాయి. అడుగు దిగుతుంటే దిబ్బ లేచింది. ఎండ అందే మేర ఎప్పుడూ దాటలేదు. లక్షల ఏళ్లపాటు ఈ రెండూ సమానంగా సాగాయి. అందుకే కింది పొర చూసినా, పై పొర చూసినా, లోతు తక్కువ నీళ్లలో బతికే నాచు గుర్తులే కనిపిస్తాయి. భూవిజ్ఞానంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించే విషయం ఇది. ప్రాణమున్న చిన్న చిన్న జీవాలు కుంగే నేలతో సమానంగా పెరుగుతూ కొండంత రాయి కట్టాయి.

తర్వాత వాతావరణం మారింది. సుమారు 23 కోట్ల 40 లక్షల ఏళ్ల కిందట వానలు బాగా పెరిగాయి. నదులు బురదను, ఇసుకను ఆ తేట సముద్రంలోకి మోసుకొచ్చాయి. ఎండ అందక దిబ్బ ఆగిపోయింది. దాని మీద బంకమట్టి పొరలు పరుచుకున్నాయి. ఇంకా చాలా కాలానికి ఆఫ్రికా వైపు నేల వచ్చి ఐరోపాను ఒత్తింది. ఆ ఒత్తిడికి సముద్రపు అడుగు మడతలు పడి, ముక్కలై, ఒకదాని మీదికి ఒకటి ఎక్కింది. అవే ఆల్ప్స్. ఇవాళ జర్మనీలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం త్సుగ్‌ష్పిట్సె. ఎత్తు 2,962 మీటర్లు. ఆ శిఖరం ఈ వెటర్‌స్టైన్ సున్నపురాయే. మంచులో ఎక్కి వెళ్లి జనం నిలబడే ఆ చోటు ఒకప్పటి వెచ్చటి సముద్రపు అడుగు.

మరి ఆ రోజుల్లో మన నేల ఎలా ఉండేది? మన గోదావరి లోయలో అప్పుడు సముద్రం లేదు. నదులు పారేవి. ఎర్రమట్టి పేరుకునేది. పాత ఆదిలాబాద్ జిల్లా వైపు యెర్రపల్లి పొరలనే ఎర్రమట్టి రాళ్లున్నాయి. అవి ఇంచుమించు ఈ కాలానివే. వాటిలో వాడియాసారస్ అనే శాకాహార జంతువు ఎముకలు దొరికాయి. అంటే అక్కడ ఆల్ప్స్ రాయి నీళ్లలో పేరుకుంటున్న రోజుల్లో, ఇక్కడ మన ఏటి ఒడ్డున జంతువులు మేస్తున్నాయన్నమాట.

సరే, ఇక నీళ్ల దగ్గరికి వద్దాం.

మీ ఇంట్లో నాపరాళ్ల గచ్చు ఉందా? దాని మీద నిమ్మరసం పడి, తుడవకుండా వదిలేస్తే ఏమవుతుందో చూసే ఉంటారు. అక్కడ మెరుపు పోతుంది. మచ్చ పడుతుంది. నాపరాయి సున్నపురాయే. పులుపు దాన్ని కొరుకుతుంది. వాననీరూ కొంచెం పులుపే. గాలిలోని కార్బన్ డయాక్సైడును వాన కలుపుకుంటుంది. నేలలోకి దిగాక వేళ్ల దగ్గర ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. అలా కాస్త పులిసిన నీరు సున్నపురాతి పగుళ్లలోకి దిగుతుంది. దిగుతూ రాతిని కరిగిస్తుంది. సన్న పగులు సందవుతుంది. సందు సొరంగమవుతుంది. కొన్ని చోట్ల గుహే అవుతుంది.

కరిగిన సున్నం ఎక్కడికి పోయింది? నీళ్లలోనే ఉంది. సున్నపు నేల బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా చెక్కు కడుతుంది చూడండి. అది ఆ సున్నమే. నీళ్లు కాగినప్పుడు కార్బన్ డయాక్సైడు ఎగిరిపోతుంది. కరిగిన సున్నం మళ్లీ గట్టిపడుతుంది. గుహల్లో పైనుంచి వేలాడే రాతి ఊడలూ ఇలాగే తయారవుతాయి. అక్కడ కాచాల్సిన పని లేదు. చుక్క గుహలోని గాలికి తగలగానే వాయువు కొంత పోతుంది. సున్నం కొంత మిగులుతుంది.

ఇప్పుడు అసలు మాట.

ఇసుక నేలలో భూగర్భజలం రోజుకు మీటరో, అంతకంటే తక్కువో కదులుతుంది. రేణువుల మధ్య నుంచి మెల్లగా పోతుంది. పోయేటప్పుడు మురికి ఆగిపోతుంది. సూక్ష్మక్రిములు చాలావరకు చచ్చిపోతాయి. సున్నపురాతి సొరంగాల్లో అలా కాదు. అక్కడ నీరు రోజుకు కిలోమీటర్లు పోగలదు. ఆగే చోటు లేదు. వడకట్టే ఇసుక లేదు.

మీ మేడ మీద వాననీళ్లు పట్టుకునే ఏర్పాటు ఉందనుకోండి. డాబా మీద పడ్డ వాన గొట్టంలోంచి దిగి కింద తొట్టిలో చేరుతుంది. మధ్యలో వడపోత లేదు. డాబా మీద పావురాల రెట్ట ఉంటే అది తొట్టిలోకి వస్తుంది. పైన ఎవరో పురుగుమందు డబ్బా ఒలకబోస్తే అది కూడా తొట్టిలోకే. అందుకని ఏం చేస్తాం? తొట్టిని కడగడంతో ఊరుకోం. డాబాను శుభ్రంగా ఉంచుతాం. సున్నపురాతి కొండ ఆ డాబా. దాని పగుళ్లు ఆ గొట్టాలు. కింద ఊట, మన బావి ఆ తొట్టి. ఇదొక్కటీ మనసులో పెట్టుకోండి.

ఇది ఊహ కాదు. 1950ల్లో ఆస్ట్రియా శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. డాక్‌స్టైన్ అనే కొండల మీద ఆ పని చేశారు. అదీ ట్రయాసిక్ సున్నపురాయే. లైకోపోడియం అనే మొక్క సిద్ధబీజాలు తీసుకున్నారు. అవి చాలా మెత్తటి పొడి. ఆ పొడికి వేరువేరు రంగులు వేశారు. కొండ మీద నీళ్లు ఇంకే గుంటల్లో ఒక్కో గుంటకు ఒక్కో రంగు వేశారు. కింద ఊటల దగ్గర సన్నటి వలలు కట్టి కాచుకున్నారు. వలల్లో పొడి పడింది. ఏ రంగు ఎక్కడ తేలిందో రాసుకున్నారు. ఒకే గుంటలో వేసింది వేరువేరు దిక్కుల్లో ఉన్న ఊటల్లో బయటపడింది. కళ్లకు కనిపించే వాలును బట్టి నీటి దారి చెప్పలేమని తేలిపోయింది. కొండకు ఈ పక్క పడేసినది ఆ పక్క ఊరి నీళ్లలో తేలవచ్చు. ఎంతో మెత్తటి పొడే అయినా, దాన్ని కొండ ఆపలేదు. అదీ గమనించాలి.

ఇక వియన్నా సంగతి.

19వ శతాబ్దంలో వియన్నా జనం చాలామంది ఇళ్ల బావుల నీళ్లే తాగేవారు. ఆ బావుల పక్కనే మరుగుదొడ్ల గుంతలు. కలరా వచ్చేది. టైఫాయిడ్ ఏటా ఉండేది. ఆ రోజుల్లో ఎడ్వర్డ్ స్యూస్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త ఆ నగరం నేలను పొర పొరగా పరిశీలించాడు. 1862లో దాని మీద పుస్తకం వేశాడు. ఊరి కింద నీరు ఎలా పాడవుతోందో అందులో చెప్పాడు. పుస్తకం రాసి ఊరుకోలేదు. మరుసటి ఏడాది నగర సభలో సభ్యుడయ్యాడు. ఈ బావులు వదిలేద్దాం, దూరపు కొండల ఊట నీళ్లు తెద్దాం అని పట్టుబట్టాడు. ఖర్చు చూసి వద్దన్నవాళ్లు చాలామంది. ఆయన వెనక్కి తగ్గలేదు.

1873 అక్టోబరు 24న ఆ నీళ్లు వియన్నాకు చేరాయి. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ సమక్షంలో నగరం మధ్య ఒక పెద్ద ఫౌంటెన్ పైకెగసింది. ఆ నీళ్లు ష్నీబర్గ్, రాక్స్ అనే కొండల కింది ఊటల నుంచి సుమారు 95 కిలోమీటర్ల కాలువలో వచ్చాయి. ఆ కొండల్లో ఎక్కువ భాగం మనం చెప్పుకున్న వెటర్‌స్టైన్ సున్నపురాయే. దారి పొడవునా పంపు లేదు. అంతా వాలు మీదే వచ్చింది. తర్వాతి ఏళ్లలో టైఫాయిడ్ బాగా తగ్గిపోయింది. 1910లో రెండో కాలువ వచ్చింది. దాని పొడవు దాదాపు 180 కిలోమీటర్లు. హోక్‌ష్వాబ్ అనే మరో సున్నపురాతి కొండ నుంచి బయల్దేరిన నీరు 36 గంటలకు నగరానికి చేరుతుంది. అదీ వాలు మీదే.

ఊటలు కొండ మొదట్లోనే ఎందుకున్నాయి? సున్నపురాతి కింద ట్రయాసిక్ తొలినాళ్ల బంకరాయి పొరలున్నాయి. నీరు వాటిలోకి దిగలేదు. అడ్డం తిరిగి కొండ అడుగున బయటికొస్తుంది. మన ఊళ్లలో కూడా గట్టి పొర తగిలిన చోటే ఊట పుడుతుందని బావులు తవ్వేవాళ్లకు తెలుసు.

ఈ స్యూస్ మనకు పూర్తిగా కొత్తవాడేం కాదు. టెథిస్ సముద్రానికి ఆ పేరు పెట్టింది ఆయనే, 1893లో. గోండ్వానా ఖండం మాటను లోకమంతటా వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. ఆ మాట మన గోండుల పేరు మీద వచ్చింది. ఆదిలాబాద్ గోండులు విన్నా, వినకపోయినా, లోకమంతటా భూవిజ్ఞాన పుస్తకాల్లో వాళ్ల పేరుంది.

అయితే నాకు వియన్నాలో నచ్చింది ఆ కాలువలు కాదు. కాలువ డబ్బుంటే ఎవరైనా కడతారు. నచ్చింది తర్వాత చేసిన పని. నగరం ఊటతో ఆగలేదు. ఊట మీది కొండనూ తనదిగా చూసుకుంది. 30 వేల హెక్టార్లకు పైగా అడవిని తన చేతుల్లో పెట్టుకుంది. ఆ అడవిని కలప కోసం నరికేయదు. నీటి కోసం పెంచుతుంది. ఒక్కసారిగా కొండ బోడి చేస్తే మట్టి కొట్టుకుపోతుంది. ఆ మట్టి పగుళ్లలోంచి నేరుగా ఊటలోకి వస్తుంది. అందుకే చెట్లను కొద్దికొద్దిగా మాత్రమే తీస్తారు. పెద్ద వాన పడినప్పుడు కొన్ని ఊటలు బురదగా మారతాయి. అది కనిపెట్టే యంత్రాలు అక్కడే ఉన్నాయి. బురదగా మారిన ఊట నీరు కాలువలోకి రాకుండా పక్కకు వదిలేస్తారు. డాబాను శుభ్రంగా ఉంచడమంటే ఇదే. 2001లో ఈ ఊటల రక్షణకు ప్రత్యేకంగా చట్టబద్ధమైన హామీ కూడా ఇచ్చుకున్నారు.

ఇప్పుడు మన సున్నపురాతి నేలకు వద్దాం. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలున్నాయి. పొడవు 3,229 మీటర్లు. ఆ గుహలు పడ్డ రాయి ట్రయాసిక్‌ది కాదు. అంతకంటే ఎంతో పాతది. గుల్లలున్న జీవులు ఇంకా పుట్టని రోజులది. అయినా నీరు దానితో చేసిన పని మాత్రం ఒకటే. పగులు పట్టుకుంది, కరిగించింది, సొరంగం చేసింది. గుహ లోపల అన్నిటికంటే లోతైన చోట పాతాళగంగ అనే చిన్న ధార ఉంది. అది ఎప్పుడూ పారుతుంది. కాస్త దూరం పారి రాతిలోకి మాయమైపోతుంది. ఊళ్లోని బావికి చేరుతుందని అక్కడివాళ్ల నమ్మకం.

ఆ గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఇంగ్లీషు దొర పుస్తకాల్లోకి ఎక్కించాడు. 1980ల్లో జర్మన్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. అయినా 1988 దాకా ఆ గుహల్లో చుట్టుపక్కల ఊళ్ల చెత్త పోసేవారు. ఆలోచించండి. అడుగున పాతాళగంగ. పైన చెత్త. మధ్యలో వడపోత లేని రాయి. తర్వాత ఊళ్ల జనం, ప్రభుత్వం కలిసి దాన్ని బాగుచేసుకున్నారు. చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం 2002లో తెరిచారు. అది మంచి పని. పర్యాటకం వచ్చిందని మాత్రమే కాదు, ఒక పెద్ద గొట్టం నోట్లో చెత్త పోయడం ఆగింది. అయితే బెలుం లాంటి నోళ్లు ఆ నేలలో చాలా ఉన్నాయి. వాటికి టికెట్టు కౌంటరు లేదు, కాపలా లేదు.

మీ నేల అలాంటిదో కాదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వానకు వచ్చిన వాగు నీళ్లు ఎక్కడైనా నేలలోకి దూరి కనబడకుండా పోతున్నాయా? బండల మధ్య లోతు తెలియని సందులున్నాయా? అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఇంకొకటుంది. పెద్ద వాన పడ్డ రోజే, లేదా మర్నాడే, మీ బావి నీళ్లో, బోరు నీళ్లో బురదగా మారుతున్నాయా? మారితే పైనుంచి కిందికి నేరుగా దారి ఉన్నట్టే. ఆ దారిలో బురద ఒక్కటే రాదు. బురద కంటికి కనిపిస్తుంది. క్రిములు కనిపించవు. తేటగా ఉన్నాయి కదా అని ఆ నీళ్లను నమ్మకండి. మరిగించి తాగండి. ఏడాదికోసారి, వానలు మొదలైన తర్వాత, ఆ నీళ్లను పరీక్ష చేయించండి. వేసవిలో చేయిస్తే లాభం తక్కువ. ఎందుకంటే మురికి దిగేది వానకే.

క్వారీలున్న ఊళ్లలో పాత గుంతలుంటాయి. నాపరాయి తీసేసి వదిలేసినవి. చాలా ఊళ్లలో అవే చెత్తకుప్పలు. చచ్చిన పశువును కూడా అక్కడే పడేస్తారు. ఆ పని ఆపాలి. పైనున్న మట్టి కూడా తీసేశారు కాబట్టి, క్వారీ గుంతలో పడ్డది మరింత తొందరగా కిందికి దిగుతుంది. ఎండిపోయిన బోరులోకి వీధి మురుగు మళ్లిస్తే నీళ్లు ఇంకుతాయని కొందరు చేస్తుంటారు. మంచి ఉద్దేశమే కావచ్చు. సున్నపు నేలలో మాత్రం అది పక్కింటి బోరులో మురుగు పోసినట్టే. ఇంకించదలిస్తే ముందు ఇసుక, కంకర పొరల్లోంచి పోనివ్వండి. రాయి చేయని పనిని మనమే చేయాలి. పురుగుమందు డబ్బాలను పొలం గట్టు మీది సందుల్లో దోపకండి. మరుగుదొడ్డి గుంత బావికి దగ్గరగా ఉంటే, అది మార్చడానికి అయ్యే ఖర్చు ఆసుపత్రి ఖర్చుకంటే తక్కువే.

ప్రపంచంలో దాదాపు పదిమందిలో ఒకరు ఇలాంటి సున్నపురాతి నేలల నీళ్లే తాగుతున్నారు. వియన్నా వాళ్లు 150 ఏళ్ల కిందట కొండను చదివి, దాన్ని కాపాడుకుని, ఇవాళ్టికీ కుళాయి తిప్పి ఆ నీళ్లు తాగుతున్నారు. వాళ్ల రాయి, మన రాయి వయసులో వేరు. గుణంలో ఒకటే. దాస్తుంది, వడకట్టదు.

నాపరాళ్ల నేల మీద ఉన్న శ్రోతలకు నా విన్నపం. వచ్చే గ్రామసభలో ఒక్క ప్రశ్న అడగండి. మన ఊరి చెత్త ఏ గుంతలో పడుతోంది, ఆ గుంతకు మన తాగునీటి బోరు ఎంత దూరం అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. దూరం తక్కువైతే, వానలు మొదలయ్యేలోపు ఆ చెత్త అక్కణ్ణుంచి ఎత్తించండి.